తుపాకికి దొరకనివాడు పద్దుకు దొరికినాడు

అమెరికా దేశములో 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధము అమలు జరిగినది. చట్టము వచ్చినదే గాని తాగుడు పోలేదు. దొంగచాటు సారా వ్యాపారముతో చికాగో నగరములో ముఠాలు బలిసినవి. ఆ ముఠా నాయకులలో పేరుమోసినవాడు ఆల్ కపోన్.

1929 ఫిబ్రవరి 14వ తేదీ ఉదయము నార్త్ క్లార్క్ వీథిలోని ఒక మోటారు షెడ్డులో 7గురిని గోడవైపు తిప్పి నిలబెట్టి కాల్చి చంపినారు. హంతకులలో ఇద్దరు పోలీసు దుస్తులలో వచ్చినారు. చనిపోయినవారిలో ఎక్కువమంది కపోన్‌కు పగవాడైన మోరాన్ ముఠావారు. ఆనాడు కపోన్ ఎక్కడో ఫ్లోరిడాలో ఉన్నాడు. అనుమానము అతని మీదనే. సాక్ష్యము మాత్రము లేదు. ఆ హత్యలకు ఏ ఒక్కరికీ శిక్ష పడలేదు.

మరి కపోన్ ఎట్లు చిక్కినాడు? అక్రమపు రాబడికైనా పన్ను కట్టవలసినదేనని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చికాగో పొలిమేరలోని సిసిరోలో ఒక జూదపుటింట 1926లో పట్టుకొన్న లెక్కల పుస్తకము మూలపడి యుండగా, పన్ను శాఖ ఉద్యోగి ఫ్రాంక్ విల్సన్ వెదికి పైకి తీసినాడు. చేవ్రాతలు పోల్చి చూచి, ఆ పద్దులు వ్రాసిన గుమాస్తాను కనిపెట్టి, కోర్టులో సాక్ష్యము చెప్పించినారు. 1931లో కపోన్‌కు 11 సంవత్సరముల ఖైదు, 50,000 డాలర్ల జరిమానా పడినవి.

ఎగవేసిన పన్నుకు శిక్ష పడినది. పోయిన 7 ప్రాణములకు పడలేదు. న్యాయము సగమే జరిగినదనవలెను. అయినను, ప్రాణభీతితో ఊరంతా నోరు మూసుకొన్న చోట ఒక గుమాస్తా వ్రాసిన పద్దు నోరు విప్పినది. లెక్కలు వ్రాసి బ్రతికే మనబోటివారికి ఇది చిన్న సంగతి కాదు.