మానేస్తానంటే... మాన్పించేదెక్కడ?

2020 మార్చి ఆఖరు వారం. లాక్‌డౌన్ పెట్టి నాలుగు రోజులైంది. పొద్దున్నే గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. జీతం ఇస్తాను, పనికి రావద్దని అప్పటికే చెప్పాను. అయినా వచ్చింది, ఏడుస్తూ.

"అమ్మా, మా ఆయన రాత్రంతా గోడ మీద చీమలు ఏరుతుండు. ఆడ ఒక్క చీమ లేదమ్మా! పిల్లల్ని గుర్తుపడ్తలేడు. చేతులు ఒకటే వణుకు. గాలి సోకింది, తాయెత్తు కట్టించమంటున్నరు..."

గాలీ కాదు, ధూళీ కాదు. రోజూ సాయంత్రం కల్లు తాగే మనిషి. నాలుగు రోజులుగా కల్లు దుకాణాలు మూసేశారు. అంతే!

నిజం చెప్పొద్దూ, ఆ సంగతి నాకూ అప్పుడు తెలియదు. దుకాణాలు మూశారని విన్నప్పుడు, "పీడ వదిలింది, ఈ దెబ్బతో మానేస్తాడులే" అని దానికి ధైర్యం చెప్పినదాన్నే నేను. తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "వెంటనే ఆసుపత్రికి పంపండి, ఫిట్స్ వస్తే ప్రాణానికే ముప్పు" అన్నారు. ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్తే సెలైన్ పెట్టి, "ఇలాంటివాళ్లకి ఇక్కడ వార్డు లేదు, ఎర్రగడ్డ తీసుకుపొండి" అన్నారట. హైదరాబాదులోని ఎర్రగడ్డ మాకు నూటపది కిలోమీటర్లు. బస్సుల్లేవు. వీధిలో నలుగురం తలాకొంత వేసుకుని, పోలీసుల అనుమతి తెచ్చుకుని కారు మాట్లాడాం.

మనిషి బతికాడు. మందులిచ్చి, నెలనెలా వచ్చి చూపించుకోమన్నారు. బస్సులు తిరగడం మొదలయ్యాక ఒకసారి వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ ఇద్దరి కూలీ పోతుంది, పైగా ఛార్జీలు. రెండోసారి వెళ్లలేదు. అప్పటికి దుకాణాలూ తెరిచారు. మళ్లీ మామూలే.

"వాడికి బుద్ధి లేదు" అనేశాం అందరం. అనడం తేలికే కదా!

ఉన్నట్టుండి ఆపితే...

ఏళ్ల తరబడి బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకి లేనివి కనపడటం, మతి తప్పడం... చూడకపోతే ప్రాణం పోవచ్చు. మా వైపు చాలాచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలుపుతారు. అలవాటుపడ్డ ఒంటికి అవి అందకపోయినా ఇదే అవస్థ. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇలాగే ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. అయిదేళ్ల తర్వాత లాక్‌డౌన్‌లో అదే కథ.

అంటే దుకాణం మూయడం ఒక పని, మనిషిని మాన్పించడం ఇంకో పని. మొదటిది మన ఆడవాళ్లకి బాగా తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మనదేగా! 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలించారు. దుకాణం మళ్లీ తెరుచుకోగలదు. కానీ ఊళ్లో చికిత్స దొరికితే, తెరిచిన దుకాణం ముందునుంచే తలదించుకుని ఇంటికొచ్చే మగవాళ్లు కొందరైనా ఉంటారు కదా?

2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చేసిన సర్వే చూస్తే గుండె గుభేలుమంటుంది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందట. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 180 మందిలో ఒక్కరు!

కూరలో కలిపే మాత్ర

దారి లేనప్పుడు మనం ఏం చేస్తాం? "తెలియకుండా కూరలో కలపండి" అని ఎవరో ఇచ్చిన మాత్రలు కొంటాం. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, అది తెలియక ఆయన తాగితే, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని వేసుకోవాల్సిన మందది. లేదా అప్పుచేసి ఏదో ప్రైవేటు కేంద్రంలో పడేస్తాం. కట్టేసి, కొట్టి మాన్పించేది చికిత్స కాదు. గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలకి వైద్యం కూడా ఆ చట్టం పరిధిలోదే. అది మన హక్కు.

కొడుకు గంజాయికి అలవాటుపడితే కేసవుతుందని దాచే తల్లులూ ఉన్నారు. వాడకం, లేదా కొద్దిపాటి సరుకు కేసుల్లో తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి ముందుకొచ్చినవారికి మత్తుమందుల చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తిచేయాలన్నదే షరతు.

ఊరికి వచ్చిన వైద్యం

తాగుడు వల్ల భర్తని పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో చికిత్సా కేంద్రం మొదలుపెట్టారు. పల్లెల వాళ్లు అంతదూరం రాలేరని గ్రహించి, 1989 నుంచి తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడిలో శిబిరాలు పెట్టించారు. వైద్యం ఊళ్లోనే, అయినవాళ్ల మధ్యనే. ఒక సంస్థ చేయగలిగింది ఇన్ని ఆసుపత్రులున్న ప్రభుత్వం చేయలేదా?

ప్రతి ఏరియా ఆసుపత్రిలో నాలుగు మంచాలు, వణుకు తగ్గించే మందులు, ఆ తర్వాత మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే నెలనెలా మాత్రలు, భార్యాపిల్లలతో కూర్చుని మాట్లాడే ఒక మనిషి... ఇంతే మనం అడిగేది. పొదుపు సంఘం మీటింగులో ఈ మాట ఎత్తండి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ పెట్టండి. మళ్లీ తాగాడని విసుక్కోకండి. షుగరు జబ్బులాగే ఇది తిరగబెడుతుంది, మళ్లీ చూపించాలి.

మొన్న ఆ అమ్మాయే వచ్చి అంది: "అమ్మా, ఆయనే మానేస్తనంటుండు. యాడికి తీస్కపోవాలె?"

ఈసారి నా దగ్గర జవాబుంది. ఇద్దరం కూర్చుని 14416 టెలీమానస్‌కి ఫోన్ చేశాం. వ్యసన విముక్తికి 14446 కూడా ఉంది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఉంటారని తెలిసింది. బస్సులో ముప్పావుగంట. కొద్దికొద్దిగా, మందులతో మాన్పిస్తున్నారు. రెండో నెల మాత్రలు తెచ్చుకున్నారు.

మూడో నెల కూడా వెళ్తారా? ఏమో! కానీ ముప్పావుగంట దూరమైతే, వెళ్లమని నేను మళ్లీ మళ్లీ చెప్పగలను.