గోరంట్ల రైతుకు తెలిసిన ‘తాకట్టు’: తరిమెల నాగిరెడ్డి పుస్తకం ఏం చెబుతుంది?

గోరంట్ల రైతుకు తాకట్టు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాన పడగానే శనక్కాయ విత్తనం కావాలి, చేతిలో డబ్బుండదు. ఇంట్లో బంగారం బ్యాంకుకో సాహుకారుకో పోతుంది. పంట వస్తే నగ ఇంటికొస్తుంది. రాకుంటే వడ్డీ కట్టి మళ్లీ తిరగరాసుకోవాల్సిందే.

ఇదే మాటను దేశం మొత్తానికి వర్తింపజేసి పుస్తకం రాసిన మనిషి కూడా ఈ అనంతపురం సీమవాడే. తరిమెల నాగిరెడ్డి (1917-1976) భూస్వామి ఇంట్లో పుట్టి కమ్యూనిస్టు అయ్యారు. 1952లో అనంతపురం అసెంబ్లీ స్థానంలో సొంత బావ నీలం సంజీవరెడ్డినే ఓడించారు. 1957లో ఎంపీ అయ్యారు. 1969లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి బయటికొచ్చారు. ఆ తర్వాత కుట్ర కేసులో కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే ‘తాకట్టులో భారతదేశం’. ఆయన పోయాక 1978లో అది ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. కోర్టు వాంగ్మూలం అంటే తప్పు చేయలేదని చెప్పుకోవడం అనుకుంటాం. ఈయన మాత్రం దేశ ఆర్థిక వ్యవస్థనే బోనులో నిలబెట్టారు.

వాదన సూటిగా ఉంటుంది. జెండా మారింది గానీ పెట్టుబడి, సాంకేతికత, అప్పు బయటివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి, ఊళ్లో భూస్వామి పట్టు సడలలేదు. దీన్నే ‘అర్ధ వలస, అర్ధ భూస్వామ్య’ వ్యవస్థ అన్నారు. ఆ రోజుల్ని గుర్తు చేసుకుంటే ఈ మాట ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. తిండికి పీఎల్-480 కింద అమెరికా గోధుమలు. 1966 జూన్‌లో డాలరు విలువ రూ.4.76 నుంచి రూ.7.50కి. ఇక పల్లెల్లో చూస్తే, రిజర్వ్ బ్యాంకు 1951-52 సర్వే ప్రకారం రైతు అప్పుల్లో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులదే, సహకార సంఘాలది 3 శాతమే.

అన్నట్టు, ఈ లెక్కల భాషంతా ఉర్దూ, ఫార్సీల మీదుగా మనకొచ్చిందే: అసలు, బకాయి, వసూలు, జప్తు, జామీను. రైతు కూడా ‘రయ్యత్’ నుంచే. కౌలుకు మూలమైన ‘ఖౌల్’ అంటే ఇచ్చిన మాట.

అందరు సోషలిస్టు పండితులూ నాగిరెడ్డితో ఏకీభవించలేదు. 1970లలో ఉత్సా పట్నాయక్, అశోక్ రుద్ర, అమిత్ భాదురి వంటివారు మన వ్యవసాయం పెట్టుబడిదారీదా, అర్ధ భూస్వామ్యమా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. వినడానికి పుస్తకాల గొడవలా ఉంటుంది గానీ, ఎవరి మీద కొట్లాడాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. భూస్వామి మీదా, మార్కెట్ మీదా?

గోరంట్లలో ఇప్పుడు మార్కెట్ వైపే మొగ్గు కనిపిస్తుంది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచి, 1998 నాటికి సుంకాన్ని 65 నుంచి 15 శాతానికి దించారు. వాన లేక సగం పోయిన శనక్కాయ పంట, మిగతా సగానికి ధర కోసం మలేషియా నూనెతో పోటీ పడాల్సి వచ్చింది. ఇక్కడ నాగిరెడ్డి చూపిన ‘బయటి చెయ్యి’ కనబడుతుంది, ఊరి దొర కనబడడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. దగ్గర్లోని పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కొరియా కంపెనీ కియా కార్లు తయారుచేస్తోంది. అది విదేశీ పెట్టుబడే, అయినా జీతం ఇస్తుంది. ఒకే ఇంట్లో ఒకరు ఫ్యాక్టరీకి, ఒకరు బెంగళూరు కూలికి, ముసలాయన చేనుకు పోతే ఆ ఇంటిని ఏ వర్గం కింద రాయాలో పాత చర్చలో జవాబు లేదు.