ఇంటి కాపుదలకు తుపాకి

పొలము చివర నున్న యింటిలో నిద్రించు రైతునకు రెండు భయములు కలవు. ఒకటి దొంగ, రెండవది అడవిపంది. ఈ రెంటికిని ఒకటే మందని తుపాకి నెంచి, “ఏది కొనవలెను? రైఫిలా, జంట గొట్టముల తుపాకియా?” అని యడుగువారు మన సభ్యులలో తక్కువ కారు. హయత్‌నగర్ మొదలు పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగ ఇబ్రహీంపట్నము వరకు పట్నము పొలములలోనికి ప్రాకి వచ్చుచున్న యీ దినములలో ఆ ప్రశ్న మరింత బరువైనది. నిన్న జొన్న వేసిన చెలకలో నేడు ప్లాట్ల రాళ్లు నాటబడినవి. నడుమ నొంటరిగ మిగిలిన రైతిల్లు పల్లె కాపుదలను కోల్పోయినది. పట్నపు కాపుదల ఇంకను దానికి చేరలేదు. కావున ఆ ప్రశ్నకు ఈ సంచికలో సూటిగ ప్రత్యుత్తరము వ్రాయుచున్నాము.

మా యభిప్రాయమును ముందే చెప్పుదుము. ఇంటి కాపుదలకు రైఫిలు తగదు. తుపాకి తప్పదను యింటికి నున్నని గొట్టములుగల పన్నెండు బోరు జంట తుపాకి చాలును. తుపాకి తప్పదను ఇండ్లు మాత్రము మనము తలంచునన్ని లేవు.

రైఫిలు గొట్టములోపల మరచుట్టువలె గాడులు చెక్కబడి యుండును. వానివలన గుండు బొంగరమువలె తిరుగుచు, గురి తప్పక, బహుదూరము పోవును. మన దేశములో పౌరుల చేతికి వచ్చు రైఫిళ్లలో బెంగాలునందలి ఈషాపూర్ సర్కారు కర్మాగారమున తయారగు .315 బోరుది పేరుపడినది. సైన్యము వాడిన .303 వంటివి నిషిద్ధ బోరులు. సామాన్యునకు వాని లైసెన్సు దొరకదు. .315 గుండు మైలు దాటిన పిదపను ప్రాణము తీయగలదు. రేకు తలుపును, పలుచని గోడను దాటి పోగలదు. వేటగానికి అది గుణము. ఇంటి యజమానికి అదియే దోషము. మీ వాకిట నిలిచి చీకటిలో పేల్చిన గుండు దొంగకు తగులకపోయిన, ఎక్కడికి పోవును? ముప్పది యేండ్ల క్రిందట ఐనచో చెలకలో దిగి యుండును. నేడు మీ చెలక కావల కాలనీ యున్నది, దాని కావల విజయవాడ రహదారి యున్నది. గుండు వదలినవాడు అది చేరిన చోటునకు జవాబుదారి యగును గదా.

పన్నెండు బోరు తుపాకి సంగతి వేరు. ఒక పౌను సీసమును పన్నెండు సమాన గుండ్లుగ పోసిన ఒక్కొక్క గుండు ఎంత లావుండునో అంత లావు గొట్టము గనుక దాని కా పేరు వచ్చినది. తూటాలో ఒకే గుండునకు బదులు సీసపు రవ్వలుండును. పిట్టలకు సన్నరవ్వ, పెద్ద జంతువులకు ఎల్.జి., ఎస్.జి. అను లావు రవ్వలు. ఇవి ముప్పది నలువది గజములలో పని చేసి, ఆ పిదప త్వరగా బలము తగ్గును. దగ్గరలో ఇవియును గోడను తొలచగలవు, కాని మైలు దూరమున నిద్రించువానిని చంపవు. తెలిసినవారిచే తుపాకిని మడత విప్పించి చూడుడు: రెండు గొట్టములును కన్నులకు కనబడును, తూటా యున్నదో లేదో పిల్లవానికైన తెలియును. లోపల తూటాలు దాచికొను యంత్రపు తుపాకులలో ఈ సౌకర్యము లేదు. జంట గొట్టములలో ఒకటి మొరాయించిన రెండవది పేలును. బరువు సుమారు మూడు కిలోలు. కొనుటకు ముందు భుజమున కానించి చూడవలెను. కఱ్ఱ పొడవైన గురి కుదరదు, పొట్టియైన దెబ్బ దవడకు తగులును. పాత తుపాకి చవుకగ వచ్చినదని తొందరపడరాదు. గొట్టములో సొట్ట గాని, లోతైన త్రుప్పు గాని యున్నచో ఎంత చవుకయైనను ఖరీదే.

ఇక భర్మారు. మందు కూరి, గుండు కూరి, నోటినుండి నింపు ఈ తుపాకిని మన తాతలు బాగుగ నెఱుగుదురు. 1959 నాటి ఆయుధముల చట్టములోని 13వ సెక్షను పంట కాపుదలకై దీనిని ప్రత్యేకముగ పేర్కొన్నది; అది చాలదని అధికారి నమ్మినచో నున్నని గొట్టముగల మరియొక తుపాకికి లైసెన్సు ఇయ్యవచ్చును. ఇంటి కాపుదలకు మాత్రము భర్మారు పనికిరాదు. ఒకమారు పేల్చి మరల నింపుటకు పట్టు కాలములో దొంగ ఊరు దాటును. వానలో మందు చెమ్మగిల్లును. మందు హెచ్చు పడిన గొట్టము పగిలి పేల్చినవాని చేయి పోవును. లైసెన్సు లేని నాటు తుపాకి దాచుట మరియొక యాపద: 2019 సవరణ పిమ్మట దానికి రెండేండ్లకు తగ్గక, అయిదేండ్ల వరకు ఖైదు.

భర్మారు పేరు చెప్పగనే తెలంగాణములో పెద్దలకు బైరాన్‌పల్లి జ్ఞప్తికి వచ్చును. ఊరి కాపుదల యన నేమో తెలిసికొనుటకు అంతకంటె దగ్గరి యుదాహరణము మనకు లేదు. 1948లో రజాకార్ల దాడులనుండి ఆ యూరివారు తమ్ము తామే కాచుకొనిరి. వారి చేత నున్నవి వడిసెలలు, బరిసెలు, కొన్ని భర్మారులు. ఐనను పలుమారు వచ్చిన దాడులను వారు త్రిప్పికొట్టిరి. ఎట్లు? ఊరినడుమ ఎత్తైన బురుజు. దానిపై వంతులవారి కావలి. దుమ్ము లేచుట కనబడగనే హెచ్చరిక. హెచ్చరిక విన్నంతనే ఎవరెక్కడ నిలువవలెనో ముందే కుదిర్చిన కట్టడి. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాము సైన్యముతోను ఫిరంగులతోను వచ్చి బురుజును కొట్టిరి. ఆ దినమున ఎనుబదిమందికి పైగా గ్రామస్థులు హతులైరి. మూడు వారములు గడవకయే భారత సైన్యము హైదరాబాదులో ప్రవేశించెను. ఆ యూరిలో ఇంటింట మంచి రైఫిలున్నను ఫిరంగి యెదుట ఫలితము మారియుండునని మేము నమ్మజాలము. అంతకు ముందరి రాత్రులలో ఊరిని నిలిపినవి మాత్రము బురుజు, కావలి, కట్టడియే.

హయత్‌నగరుకే యొక పాత పాఠమున్నది. హయత్ బక్షీ బేగము పేర వెలసిన ఈ యూరి మసీదు చుట్టు సరాయి గదులు కట్టబడినవి. మచిలీపట్నము త్రోవలో సరకుతో పోవు బేహారులు రాత్రి ఆ ప్రాకారములోపల దిగెడివారు. ప్రాకారము, దర్వాజా, పలువురొక చోట నుండుట: ఆ కాలపు కాపుదల ఇంతే. నేటి రైతింటికి దీని యర్థము బలమైన తలుపు, లోపలి గడియ, వాకిట విద్యుద్దీపము, ఒక నాటు కుక్క, పిలిచిన పలుకు నలుగురు పొరుగువారు, 112 నంబరు తెలిసిన ఆడువారు. ఇవి కుదరని యింటిలో తుపాకి పెట్టుట కంచె లేని తోటకు తాళము వేయుట వంటిది.

ఆడువారని వ్రాసితిమి, ఇది ముఖ్యము. లైసెన్సులో పేరున్నవారే తుపాకి వాడవలెను. ఇంటి యజమాని కూరగాయల బండితో అర్ధరాత్రి మండికి పోయినపుడు ఆ తుపాకి భార్యకు గాని, కోడలికి గాని అక్కరకు రాదు. దొంగ యెదురుచూచునది సరిగా ఆ రాత్రినే.

పేల్చు హక్కు ఎంతవరకు? 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణను గూర్చినవి. అవసరమునకు మించిన హాని చేయరాదు. అధికారుల సాయము పొందు వ్యవధి యున్నచో ఆ హక్కే లేదు. దోపిడి, సూర్యాస్తమయ సూర్యోదయముల నడుమ ఇల్లు పగులగొట్టి చొచ్చుట, నివాసగృహమునకు నిప్పు పెట్టుట, ప్రాణభయము గాని తీవ్రమైన గాయపు భయము గాని కలిగించు దొంగతనము, ఇట్టి వానియందు ప్రాణము తీయువరకును హక్కు పోవచ్చును. బోరుబావి స్టార్టరో, రాగి తీగయో ఎత్తుకొని పరుగెత్తువానిని వెనుకనుండి కాల్చుట ఇందులోనికి రాదు. మోటారు పోయిన దుఃఖము మేమెఱుగుదుము. ఐనను మోటారు మరల కొనవచ్చును. హత్యానేరమున జైలుకు పోయినవాని సేద్యము ఎవరు చేయుదురు?

లైసెన్సు కోరువానికి 21 ఏండ్లు నిండవలెను. పోలీసు కమిషనరేటులో కమిషనరు, ఇతర చోట్ల జిల్లా మెజిస్ట్రేటు లైసెన్సు అధికారులు. పోలీసు విచారణ, వైద్యుని ధ్రువపత్రము, తుపాకి భద్రత నేర్చినట్లు పత్రము వలయును. నిరాకరించిన అప్పీలు కలదు. 2019 సవరణవలన ఒకనికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగినది. పెండ్లి ఊరేగింపులలో సంబరమునకై పేల్చి ఇతరులను అపాయము పాలుచేయుట అదే సవరణలో ప్రత్యేక నేరమైనది. కొత్త తుపాకివానికి ఈ చపలత సహజము గనుక చెప్పితిమి.

అడవిపందిని గూర్చి ఒక మాట. తుపాకి లైసెన్సు పందిని చంపుటకు లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణి చట్టములోని 11వ సెక్షను ప్రకారము అటవీశాఖ అధికారి వ్రాతమూలకమైన ఆజ్ఞ యుండవలెను. హయత్‌నగర్ ప్రక్కనే మహావీర్ హరిణ వనస్థలి యున్నది. అందలి కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది. రాత్రి కదలిన నీడ పందియో, జింకయో, నీరు పెట్ట వచ్చిన పొరుగు రైతో పేల్చువానికి తెలియదు. కరెంటు తీగ కట్టుట ఇంతకంటె ఘోరము. పందికి పెట్టిన తీగకు తగిలి పెట్టినవాడే ప్రాణము విడిచిన సంగతులు మన పల్లెలలో వినని వారు లేరు. గట్ల చుట్టు పాతచీరలు కట్టుట, వేరుసెనగ చుట్టు ముండ్ల కుసుమ సాళ్లు వేయుట అందరికి సాధ్యము. పందిని తరుము మందులను గూర్చి రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు చెప్పగలరు.

ఆపదలన్నియు మనుష్యరూపమున రావు. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి ఈ ప్రాంతమున కురిసిన కుంభవృష్టికి చెరువులు పొంగి కాలనీలు మునిగెను. ఆ రాత్రి ఇంటివారికి వలసినవి త్రాడు, టార్చిదీపము, మంచినీరు, మందులు, నీరు చొరని సంచిలో పట్టాదారు పాసుపుస్తకము. తుపాకి తూటాలను ఎత్తైన చోట భద్రపరచుట వారికొక అదనపు పని యగును.

ఇంత విన్న పిమ్మటను కొనవలె ననువారికి నిలువ సంగతి. తుపాకి గోడ మేకునకు వ్రేలాడరాదు. ఇనుప బీరువాలో, తూటాలు లేకుండ, తాళములో నుండవలెను. తూటాలు వేరొక తాళములో. తాళపుచెవి యజమాని మొలత్రాటినే యుండవలెను. ఇంట త్రాగుడు గాని, అన్నదమ్ముల భూతగాదా గాని యున్నచో తుపాకి తేవలదని మా గట్టి సలహా. అప్పు బాధలో మనసు విరిగిన మనిషి యున్న యింట అది అసలే ఉండరాదు. ఎన్నికల సమయమున ఠాణాలో అప్పగింపుమని ఉత్తర్వు వచ్చును; అప్పగించి రసీదు తీసికొని, ఎన్నికలు ముగిసిన పిదప మరల తెచ్చుకొనవలెను. లైసెన్సుదారు మరణించినచో కుమారుడు ఆ తుపాకిని ఇంట నుంచుకొనరాదు. జాగు చేయక ఠాణాలో గాని, లైసెన్సుగల వర్తకుని యొద్ద గాని అప్పగించి, తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకొనవలెను.