దిండు చేసిన సాయం

కడుపు ఆపరేషను జరిగిన మా సంఘపు తల్లి ఒకరిని పరామర్శించుటకు ఆసుపత్రికి వెళ్లాము. ఆమె కుట్లు తెగుతాయేమోనని దగ్గును బిగబట్టుకొని ఏడుస్తున్నది. నర్సమ్మ వచ్చి ఆమె మోకాళ్లు కొంచెం మడిపించి, గాయం మీద దిండు పెట్టి, “భయపడకమ్మా, నిదానంగా ఊపిరి పీల్చి, దీన్ని రెండు చేతులతో అదుముకొని దగ్గు” అన్నది. దగ్గింది, కళ్లె తెగింది. నొప్పి పోలేదు గాని ఓర్చుకోగలిగింది.

దగ్గు ఆపుకుంటే కళ్లె ఊపిరితిత్తుల్లో నిలిచి న్యుమోనియా రావచ్చు. మంచం దిగేటప్పుడు కూడా ప్రక్కకు ఒత్తిగిల్లి, చేతి మీద ఆని లేవాలి. మనవాళ్లు జాలితో చంకలు పట్టి లాగుతారు, అది తగదు. డాక్టరుగారు వ్రాసిన మందులు మాత్రం మానరాదు. నొప్పి ఒక్కసారిగా ఎక్కువైనా, జ్వరం వచ్చినా వెంటనే నర్సుకు చెప్పాలి.

ఇప్పుడు మేము ఆపరేషను అయినవారి దగ్గరకు వెళితే ముందు దిండు అందుబాటులో ఉన్నదా అని చూస్తాము. ప్రార్థన ఆ తరువాతే.