రోగశయ్య మీద ఇల్లాలు, పక్కన భర్త

రొమ్ములో పుట్టిన క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసిన రోజున మన ఇళ్ళల్లో సాధారణంగా ఏం జరుగుతుంది? డాక్టరు భర్తనూ, అన్నదమ్ములనూ లోపలికి పిలిచి చెబుతారు. ఆమె మాత్రం బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. ‘తట్టుకోలేదు, చెప్పకండి’ అని అందరూ ఒక మాట మీదికి వస్తారు. కాని ఆమెకు తెలియకుండా ఉంటుందా? ఆ నడుం నొప్పి ఆమెది. ఎన్నడూ గడప తొక్కని బంధువులు వరుసకట్టి రావడం ఆమె చూస్తూనే ఉంది. చివరికి, తెలిసినా తెలియనట్టు నటించే భారం కూడా రోగి మీదే పడుతుంది.

‘ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నావు?’ అని ఆమెనే అడగడం మేలని మా అభిప్రాయం. కొందరు అన్నీ వినాలంటారు. కొందరు ‘మీరే చూసుకోండి’ అంటారు. రెండూ సబబే. తీరని అప్పులు, పిల్లల చదువులు, వసీయతు గురించి మాట్లాడుకునే అవకాశం ఆమెకు దక్కాలి కదా! భర్త ఇంకా చెల్లించని మహర్ సంగతి కూడా అందులో ఉంటుంది.

ఎముకలకు పాకినా అది రొమ్ము క్యాన్సరే, చికిత్స కూడా దానికి తగినదే ఇస్తారు. ఈ దశలో జబ్బును పూర్తిగా తొలగించడం సాధారణంగా సాధ్యం కాదు. అదుపులో ఉంచడమే వైద్యుల లక్ష్యం. కొన్ని రకాలు హార్మోన్ మందులతో ఏళ్ళ తరబడి అదుపులో ఉంటాయి. అయితే నడుం నొప్పితోపాటు కాళ్ళు బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వెన్నుపాము నలిగిపోతున్నదనడానికి అది గుర్తు కావచ్చు. తెల్లవారేదాకా ఆగవద్దు.

ఇల్లాలికి సేవ చేయడం మగవాడి పని కాదనుకునేవారు మనలో లేకపోలేదు. ‘పుట్టింటికి పంపిస్తే తల్లి చూసుకుంటుంది’ అంటారు. హిజ్రీ 2వ సంవత్సరంలో (క్రీ.శ. 624) బద్ర్ యుద్ధానికి ముస్లింలు బయలుదేరినప్పుడు హజ్రత్ ఉస్మాన్ (ర) వెళ్ళలేదు. ఆయన సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్య (ర) జబ్బుపడి ఉన్నారు. ఆమె దగ్గరే ఉండమని ఆదేశించింది స్వయంగా దైవప్రవక్తే (స). బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యమూ, యుద్ధప్రాప్తిలో వాటా కూడా ఆయనకు లభించాయి. విజయవార్త మదీనా చేరేసరికి రుఖయ్య (ర) ఖననం జరిగిపోయింది. ఆమె బతకలేదు, అయినా ఆయన సేవ వృథా అని ఎవరూ అనలేదు.

ఇక నొప్పి సంగతి. మార్ఫిన్ పేరు వింటేనే మనవాళ్ళు బెదిరిపోతారు, అలవాటైపోతుందని, అది ఆఖరి మందని. వైద్యుల పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడేవారు వ్యసనపరులు కావడం అరుదు. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. కనుక నొప్పి భరించలేనంతయ్యేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలి. మలబద్ధకం తప్పదు, దానికి కూడా మందు మొదటి రోజు నుంచే అడగాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఈ మందు దొరకడం చాలాకాలం కష్టమైంది. 2014 సవరణతో నిబంధనలు సడలాయి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఎముకల నొప్పి ఒక్క విడత రేడియేషన్‌తోనే తగ్గేవారూ ఎందరో.

ఆమె లేవలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పడుకుని సైగలతో నమాజు చేయవచ్చు. నీళ్ళు హాని చేస్తాయంటే తయమ్ముమ్ ఉంది. రంజానులో రోజా ఉండలేనందుకు ఆమె కుమిలిపోతుంటే, కోలుకునే ఆశ లేని రోగికి ఫిద్యా ఉందని నెమ్మదిగా గుర్తుచేయాలి. అన్నం మాత్రం బలవంతంగా తినిపించవద్దు. జబ్బు ముదిరినప్పుడు ఆకలి చచ్చిపోతుంది, అది మొండితనం కాదు. రెండు చెంచాల గంజి చాలన్నప్పుడు రెండు చెంచాలే.

భర్త కూడా మనిషే. పరామర్శకు వచ్చే బంధువులు పండ్ల సంచీ ఇచ్చి వెళ్ళిపోకుండా, వారానికి ఒక రాత్రి ఆమె పక్కన కూర్చునే పని తాము తీసుకుంటే, ఆ రాత్రయినా అతను కన్ను మూయగలుగుతాడు.