ఉప్పునీటి గాజుతొట్టి: ఇంటికి తగిన చేపలు, కలలోని చేపలు

దుర్గి సముద్రమునకు నూరు కిలోమీటర్లకు మించిన దూరముననున్న గ్రామము. శిల్పములకును, యెండలకును పేరుగన్న పల్నాటిసీమలో కూర్చుండి సముద్రపు చేపలనుగూర్చి ముచ్చటించుట వింతగా తోచవచ్చును. కాని భౌగోళిక గుర్తింపు పొందిన దుర్గి శిల్పములకు వాడు మెత్తని సున్నపురాయి మొదట సముద్రగర్భమున పేరుకొన్నదే. పల్నాటి నేలలో విస్తారముగా కానవచ్చు ఆ సున్నపురాతి పొరలు, భూమిపై చేప యను ప్రాణి యింకను పుట్టకమునుపే ఏర్పడినవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున సముద్రము మనకు బొత్తిగా పరాయిది కాదు.

సముద్రపు చేపలను గాజువెనుక చూచు వేడుక మన దేశమునకు కొత్తయును గాదు. ఈ సీమ మదరాసు రాజధానిలో చేరియున్న దినములలో, 1909లో, మదరాసు మెరీనా తీరమున మత్స్యప్రదర్శనశాల యొకటి తెరువబడెను. మ్యూజియము అధికారియైన ఎడ్గారు థర్‌స్టను పూనికతో అది యారంభమైనది. పట్టణము చూడబోయిన తెలుగు కుటుంబములకు అదియొక వింతగా నుండెడిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది మూతపడినది. నేడట్టి తొట్టి ఇంటి వసారాలోనే అమరుచున్నది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ అను చిత్రమును చూచినది మొదలు, తెల్లని పట్టెలుగల నారింజరంగు చేప కావలెనని పిల్లలు మారాము చేయని యిల్లు అరుదు. ఆ మారాము తీర్చుటకు పూర్వము గృహిణి తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు. ఏలయన, తొట్టిని కొనితెచ్చునది యెవరైనను, వారము తిరుగునప్పటికి దాని పోషణభారము పడునది ఆమెమీదనే.

మొదట నీటి సంగతి. సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. రెండువందల లీటర్ల తొట్టికి ఏడు కిలోలు కావలెను. చినగంజాము ఉప్పుమళ్లలో పండిన ఉప్పును కలిపిన చాలదా యని కొందరడుగుదురు. చాలదు. ఉప్పుమడిలో నీరు ఇగురునప్పుడు సున్నపుపాలు ముందుగనే అడుగునకు దిగిపోవును. మెగ్నీషియము మొదలగునవి చివరకు మిగిలిన చేదునీటిలో నిలిచిపోవును. మన వంటయింటికి వచ్చునది నడుమ తేలిన ఉప్పు మాత్రమే. చేపకు ఈ లవణములన్నియు కావలెను గనుక, తొట్టికై ప్రత్యేకముగా కూర్చిన సముద్రలవణమునే కొనవలెను. దానిని సున్నపుపాలు మెండుగానున్న బోరునీటిలో గాక, ఆర్.ఓ. యంత్రమునుండి దిగిన నీటిలో కలుపుట మేలు.

చారు మరగినకొలది ఉప్పనగుట మనమెరిగినదే. తొట్టిలోను అంతే. నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరికాదు. కావున దినదినమును తగ్గిన మేరకు మంచినీరే పోయవలెను, ఉప్పునీరు పోయరాదు. ఈ యొక్కమాట మరచినచో పదిదినములలో నీటి సాంద్రత హెచ్చి చేపలు బాధపడును. హైడ్రోమీటరులో 1.025 దగ్గర నిలిచియుండునట్లు చూచుకొనవలెను.

రెండవది ఓపిక. చేప విసర్జించు మలినమునుండి అమోనియా పుట్టును. అది విషము. దానిని మొదట నైట్రైటుగను, పిదప అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు తొట్టిలోని రాళ్లపై నెలకొనుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. తోడువేసిన పాలు గడ్డకట్టక మునుపే కవ్వము పెట్టిన వెన్న వచ్చునా? ఆరోగ్యముగానున్న పాతతొట్టినుండి రెండురాళ్లు తెచ్చివేసినచో, తోడు వేసినట్లే, పని కొంత త్వరపడును. నీరు నింపిన మరునాడే చేపలను దింపినవారు మూడవనాడు వాటిని పారవేయవలసివచ్చుట సాధారణము.

మూడవది మన సీమకు ప్రత్యేకమైన చిక్కు. యెండలకు పేరుమోసిన రెంటచింతల దుర్గికి అంత దూరమున లేదు. పగడపుదిబ్బల చేపలకు 24 మొదలు 27 డిగ్రీలవరకు గల వెచ్చదనము హితము. నీరు కాగినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. చేపకు మాత్రము ఆ వాయువు మరింత అవసరమగును. వేసవి మధ్యాహ్నమున కరెంటు పోయి పంపు ఆగినచో, కొన్ని గంటలలోనే తొట్టి శ్మశానము కావచ్చును. నీటిని చల్లబరచు చిల్లరు, పంపునకు ఇన్వర్టరు లేదా బ్యాటరీతో నడచు గాలిమోటారు, ఇవి అలంకారములు గావు. వీటికి వెచ్చింపలేనివారు మంచినీటి చేపలతో తృప్తిపడుటయే ధర్మము. పత్తికిని మిరపకును మందుకొట్టివచ్చిన చేతిని తొట్టిలో ముంచరాదు. దోమలమందు దానిచెంత చల్లరాదు. రాగి, ఇత్తడి పాత్రలతో ఆ నీటిని ముట్టరాదు. రాగి సముద్రపు రొయ్యలకు ప్రాణాంతకము. దుర్గిరాతిని తొట్టిలో అలంకరింపగోరువారు రంగును, మెరుగునూనెయు తగులని రాతినే కడిగి వాడుకొనవలెను. సముద్రజలము క్షారగుణము గలది గనుక సున్నపురాయి దానికి కీడు చేయదు.

ఇక చేపలు. ఇంటికి తగినవానిలో మేము మొదటిస్థానమిచ్చునది పిల్లలు కోరిన ఆ నారింజరంగు క్లౌను చేపకే. అది మన వ్రేలంత పొడవు పెరిగి, చక్కగా పోషించిన పదియేండ్లకు మించి బ్రతుకును. సముద్రమున అది ఎనిమోను అను విషపుకొనల జంతువు నడుమ కాపురముండును. దాని మేనిపైనుండు జిగురుపొర ఆ విషమునుండి కాపాడును. తొట్టిలో ఎనిమోను లేకున్నను సుఖముగనే యుండును. దీని సంసారము మిక్కిలి వింతైనది. గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడుది, ఆమెయే యజమానురాలు. ఆమె చనిపోయినచో భర్తయే ఆడుచేపగా మారి ఆ స్థానమునకు వచ్చును. గ్రుడ్లకు రెక్కలతో విసరుచు కావలికాయు పని మగచేపది. ఒక్క జంట చాలును. రెండు జంటలైన కలహము తప్పదు.

రెండవది ఇండోనేషియాలోని బంగాయి ద్వీపములకు చెందిన వెండిరంగు కార్డినలు చేప. దీని మగది గ్రుడ్లను నోటనుంచుకొని, పిల్లలు వెలువడువరకు మూడు వారములకు పైగా ఆహారము మాని యుండును. పట్టి అమ్ముటవలన ఇది తన పుట్టినచోట క్షీణించిపోయినది. కాని తొట్టిలో సులభముగా పిల్లలు పెట్టును. కావున తొట్టిలో పుట్టినదానినే కొనవలెను. నీలిరంగు డామ్సెలు చేపలు గట్టివే గాని కలహప్రియములు. కొత్తవారికి వానిని మేము చెప్పము.

కలలోని చేపలు వేరు. నీలిమేనిపై పసుపుతోక గల టాంగు చేప, అంగడిలో అగ్గిపెట్టెయంత కనుపించును. పెరిగిన అడుగు పొడవగును. దానికి ఇంటితొట్టి చెరసాలయే. 2016లో ‘ఫైండింగ్ డోరీ’ వచ్చిన యేటనే ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు దానిని మొదటిసారి తొట్టిలో పుట్టింపగలిగినను, అమ్మకమునకు వచ్చునవి మిక్కుటముగా సముద్రమున పట్టినవే. బాలచంద్రునివంటి రెక్కగల మూరిష్ ఐడలు సముద్రపు స్పాంజీలను మేయును. తొట్టిలో మనము వేసినది ముట్టక తరచుగా ఎండి చచ్చును. పట్టుచీర అంచులవలె నీలము, నారింజ కలిసిన మాండరిను చేప, కంటికానని చిన్నిప్రాణులను దినమంతయు ఏరుకొని తినును. కొత్తతొట్టిలో అవి యుండవు. సింహపుచేప వెన్నుముండ్లలో విషముండును. పసిపిల్లలున్న యింట అది తగదు. ఇక సముద్రపు గుఱ్ఱమును కోరుటయే తప్పు. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టము క్రింద 2001 నుండి అది రక్షింపబడుచున్నది. గట్టిపగడములును అట్టివే. అమ్మువారు ఎంత నమ్మబలికినను వానిని ఇంటికి తేరాదు.

ఈ విచక్షణ యేల యని యడుగవచ్చును. ఫిలిప్పీన్సు మొదలగు దేశములలో 1960ల నుండి, పగడపుసందులలో సయనైడు నీటిని చిమ్మి, మైకముపడిన చేపలను ఏరుకొనుట జరుగుచు వచ్చినది. దానివలన పగడములు చచ్చును. చేపలును పట్టినపుడు కొన్ని, ప్రయాణమున కొన్ని, కొన్నవారి యింట కొన్ని నశించును. మన వసారాలో ఒక చేప మెరయుటకు ఎక్కడనో ఎన్నియో ప్రాణములు పోవుట ఏ యిల్లాలికి సమ్మతము? దీనికి విరుగుడు లేకపోలేదు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనసంస్థవారు క్లౌను, డామ్సెలు జాతులు పెక్కింటిని తొట్టిలోనే పుట్టించి పెంచు విధానములను రూపొందించినారు. అట్లు పుట్టిన చేప మనుష్యుల చేతిమేతకు అలవాటుపడియుండును, రోగములును తక్కువ.

కావున సోదరీమణులు అంగడిలో అడుగవలసిన మొదటిప్రశ్న వెలనుగూర్చి కాదు. “ఇది తొట్టిలో పుట్టినదా, సముద్రమున పట్టినదా?” యని అడుగవలెను. జవాబు తేటగా రానిచో వట్టిచేతులతో తిరిగి రావలెను. వచ్చినచో “నా యెదుట మేత తినిపింపుడు” అనుట రెండవమాట. తినని చేపను కొనరాదు. ఇంటివారిలో నీరుపోయువారెవరో, మేతవేయువారెవరో, వారమున కొకమారు పదవవంతు నీరు మార్చువారెవరో ముందే యేర్పరచుకొనవలెను; మగవారికిని, పిల్లలకును అందు పాలుండవలెను.

కలలోని చేపలపై మోజు తీరనివారు తీరమునకు పోయినపుడు ప్రదర్శనశాలలలో వానిని కన్నులార చూచిరావచ్చును. లేదా దుర్గి శిల్పిచేత ఒక మూరిష్ ఐడలును సున్నపురాతిలో చెక్కించుకొనవచ్చును. దానికి మేత అక్కరలేదు. కరెంటు పోయినను భయము లేదు. చెక్కిన చేతులకు కూలియు దక్కును. ప్రాణమున్న చేపలలో మాత్రము మనము నిలుపగలిగినదానినే తెచ్చుకొందము.