రేటింగ్ రాని సీరియల్‌ను విమర్శకుల మెప్పు నిలబెడుతుందా?

2020 జనవరి 5న జరిగిన గోల్డెన్ గ్లోబ్ వేడుకలో టీవీ కామెడీ విభాగంలో ఉత్తమ నటుడిగా రామీ యూసఫ్ పేరు పిలిచారు. ఈజిప్టు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ముస్లిం కుటుంబంలో పుట్టిన యువకుడు. వేదిక ఎక్కి 'అల్లాహు అక్బర్' అంటూ అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఎదురుగా కూర్చున్న పెద్ద పెద్ద తారలతో, మీరెవరూ నా షో చూసి ఉండరని నాకు తెలుసు అని నవ్వించాడు.

జోకే అయినా అందులో నిజం లేకపోలేదు. 'రామీ' సిరీస్ 2019 ఏప్రిల్‌లో హులూ అనే ఓటీటీలో వచ్చింది. పెద్ద స్టార్లు లేరు. న్యూజెర్సీలో ఉండే ఓ ఈజిప్షియన్ ఇంటి కథ. నమాజ్ మానలేని, తప్పులూ మానలేని ఓ కుర్రాడు అందులో హీరో. జనం కంటే ముందు దాన్ని పట్టుకున్నది టీవీ విమర్శకులే. 2020, 2022లలో మరో రెండు సీజన్లు కూడా వచ్చాయి.

అసలు విమర్శకుడు మెచ్చుకుంటే ఒక సిరీస్‌కు ఒరిగేదేమిటి?

ముందు ఆ మాట సంగతి. విమర్శ అంటే తిట్టడమే అని చాలామంది అనుకుంటారు. ఉర్దూలో 'తన్‌ఖీద్' అన్నా అదే అర్థంలో వాడేస్తాం. ఆ మాటకు మూలం అరబీలోని 'నఖ్ద్'. మంచి నాణేన్నీ చెల్లని నాణేన్నీ వేరు చేయడం అని దాని పాత అర్థం. మన 'నగదు' కూడా అక్కడి నుంచి వచ్చిందే. కాబట్టి ఏది చెల్లుతుందో, ఎందుకు చెల్లుతుందో చెప్పడం కూడా విమర్శకుడి పనే.

ఇక డబ్బుల లెక్క. టీవీ ఛానల్ బతికేది ప్రకటనల మీద. ఎంతమంది చూశారో అమెరికాలో నీల్సన్, మన దేశంలో బార్క్ లెక్క తీస్తాయి. ఆ అంకెను బట్టే ప్రకటన ధర పలుకుతుంది. అంకె పడిపోతే సీరియల్ ఆగిపోతుంది. తెలుగు ఛానళ్లలోనూ ఇంతే కదా, వారం వారం టీఆర్పీ కోసం ఎదురుచూపులే. విమర్శకుడు ఎంత గొప్పగా రాసినా ఆ అంకెను రాత్రికి రాత్రి మార్చలేడు. ఇప్పించగలిగింది ఒక్కటే, గడువు.

1981 జనవరిలో ఎన్‌బీసీ ఛానల్‌లో 'హిల్ స్ట్రీట్ బ్లూస్' మొదలైంది. ఒక పోలీస్ స్టేషన్, డజనుకు పైగా పాత్రలు, ఒక ఎపిసోడ్‌లో ముగియని కథలు. అప్పటి ప్రేక్షకులకు ఇది అలవాటు లేని పద్ధతి. రేటింగ్ పట్టికలో అడుగున పడింది. పత్రికల్లో టీవీ కాలమ్ రాసేవాళ్లు మాత్రం దాన్ని వదల్లేదు. ఛానల్ రెండో సీజన్‌కు ఒప్పుకుంది. ఆ ఏడాదే ఆ సిరీస్‌కు 8 ఎమ్మీ అవార్డులు వచ్చాయి, 1987 దాకా నడిచింది.

ఇందులో వ్యాపారం కూడా ఉంది. అప్పటికి మూడు పెద్ద ఛానళ్లలో ఎన్‌బీసీది మూడో స్థానం. ఆ సీరియల్ తీసేసి ఇంకోటి వేసినా పెద్దగా వచ్చేదేమీ లేదు. పైగా చూసే కొద్దిమందిలో నగరాల్లోని చదువుకున్న, సంపాదన ఉన్న యువత ఎక్కువ. కార్ల కంపెనీలకు కావాల్సింది వాళ్లే. మొదటి స్థానంలో ఉన్న ఛానల్ అయితే ఇంత ఓపిక పట్టేదా అన్నది అనుమానమే.

కామెడీలో 'చీర్స్'ది కూడా దాదాపు ఇదే కథ. 1982 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు రేటింగ్‌లో చివరి వరుస. విమర్శకులు మెచ్చుకున్నారు, 1983లో ఉత్తమ కామెడీ సిరీస్‌గా ఎమ్మీ వచ్చింది. 11 సీజన్లు నడిచి 1993లో ముగిసింది.

అలాగని మెప్పు బీమా పాలసీ ఏమీ కాదు. 2003లో ఫాక్స్ ఛానల్‌లో వచ్చిన 'అరెస్టెడ్ డెవలప్‌మెంట్'కు మరుసటి ఏడాదే ఉత్తమ కామెడీ ఎమ్మీ దక్కింది. విమర్శకుల అభిమానానికీ లోటు లేదు. చూసేవాళ్లు పెరగలేదు. మూడు సీజన్లకే 2006లో ఆపేశారు. ఏడేళ్ల తర్వాత నెట్‌ఫ్లిక్స్ మళ్లీ తీసింది.

అన్నిటికంటే చెప్పుకోవాల్సింది 'ద వైర్' గురించి. బాల్టిమోర్ నగరం మీద తీసిన డ్రామా. 2002 జూన్ నుంచి 2008 మార్చి వరకు హెచ్‌బీఓలో 60 ఎపిసోడ్లు వచ్చింది. రాసిన డేవిడ్ సైమన్ ఒకప్పుడు అదే ఊళ్లో 'బాల్టిమోర్ సన్' పత్రిక రిపోర్టర్. అతనితో కలిసి పనిచేసిన ఎడ్ బర్న్స్ పోలీస్ డిటెక్టివ్‌గా చేసి, తర్వాత బడిలో టీచర్ అయ్యాడు. మొదటి సీజన్‌లో డ్రగ్స్ వ్యాపారం, రెండోదాంట్లో ఓడరేవు కూలీలు, తర్వాత నగర రాజకీయం, బడులు, చివరికి పత్రికా ఆఫీసు. ఒక్కో సీజన్‌లో నగరంలోని ఒక్కో వ్యవస్థ ఎలా పాడైందో చూపిస్తుంది. గల్లీలో డ్రగ్స్ అమ్మే పిల్లాడిని కూడా మనిషిగానే చూపించింది.

ఈ సిరీస్‌కు ఐదు సీజన్లలో ఒక్క ఎమ్మీ కూడా రాలేదు. రెండుసార్లు రచన విభాగంలో నామినేషన్, అంతే. చూసినవాళ్లూ తక్కువే. మరి ఎలా నిలిచింది? హెచ్‌బీఓకు ప్రకటనలు లేవు, నెలనెలా చందా కట్టేవాళ్లే ఆదాయం. 'ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు' అనిపించుకోవడమే వాళ్ల సరుకు. పత్రికల్లో వచ్చే మంచి సమీక్ష అక్కడ నేరుగా వ్యాపారానికి పనికొస్తుంది. ఓటీటీల లెక్క కూడా చాలావరకు ఇదే.

విమర్శకుల మాటకూ పరిమితులున్నాయి. విడుదలకు ముందు వాళ్లకు చాలాసార్లు మొదటి కొన్ని ఎపిసోడ్లే పంపుతారు. సమీక్ష అక్కడి వరకే నిజం. రోజంతా సీరియళ్లు చూసేవాళ్లకు కొత్తగా కనిపించింది ఎక్కువ నచ్చుతుంది. సాయంత్రం అలసిపోయి కూర్చున్న మనిషికి అదే నచ్చాలని లేదు. రాటెన్ టొమాటోస్ శాతం విషయంలోనూ పొరపాటు పడుతుంటారు. 95 శాతం అంటే వందకు 95 మార్కులు కాదు. వంద మంది రాస్తే 95 మంది బాగుందన్నారని మాత్రమే. అందరూ 'పర్లేదు' అన్నా అంకె పైకే వెళ్తుంది.

ముస్లిం ఇళ్లలో ఇంకో ప్రశ్న ఉంటుంది. గొప్ప సిరీస్ అన్నారు కదా, అమ్మీ అబ్బాలతో కూర్చుని చూడొచ్చా? 'రామీ' విషయంలో జవాబు, చూడలేం. లైంగిక విషయాలు బాహాటంగా ఉంటాయి. అందులో ముస్లిం స్త్రీలను చూపిన తీరు మీద ముస్లిం యువతులే అభ్యంతరం చెప్పారు. విమర్శకుడు చూసేది కథలో నిజాయితీ ఉందా, నటన పండిందా అని. ఇంటి మర్యాద అతని కొలతలో ఉండదు.

ఆ మాటకొస్తే 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'మో' మన ఇళ్లకు కాస్త దగ్గర. బూతులు ఇందులోనూ ఉన్నాయి. హ్యూస్టన్‌లో ఏళ్ల తరబడి శరణార్థి కేసు తేలక, కాగితాలు లేక చిన్నాచితకా పనులు చేసుకునే పాలస్తీనా కుర్రాడి కథ. తీసి నటించిన మో ఆమర్ కువైట్‌లో పుట్టి, గల్ఫ్ యుద్ధ సమయంలో చిన్నప్పుడే హ్యూస్టన్ చేరినవాడు. పౌరసత్వం కోసం తనూ ఏళ్లకేళ్లు ఎదురుచూశాడు. సిరీస్‌లో తల్లి ఆలివ్ నూనె తీసి అమ్మడం మొదలుపెడుతుంది. పోగొట్టుకున్న ఊరి గురించి ఉపన్యాసం లేకుండానే ఆ నూనె సీసా చాలా చెబుతుంది. దీనికి పీబడీ పురస్కారం వచ్చింది. రెండో సీజన్ 2025 జనవరిలో విడుదలైంది.

చూసే ముందు సమీక్షతో పాటు తెర మీద మూలన వచ్చే గుర్తు కూడా చూసుకోవాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం మన దేశంలో ఓటీటీలు ప్రతి సిరీస్‌కు యు, యు/ఏ 7+, 13+, 16+, ఏ అని వయసు వర్గం చూపించాలి. 13+ నుంచి పైవాటికి తాళం వేసే సదుపాయం కూడా ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్ దగ్గర పిన్ నంబర్ పెట్టుకుంటే సరిపోతుంది.